లేడీస్ బ్యాచ్ ఈత

నన్ను చెరువులోంచి పడవలోకి లాగిన రోజున మా ఆయన ఒడ్డున నిలబడి ఉన్నారు. ఒక చేతిలో నా చెప్పులు, ఇంకో చేతిలో తువ్వాలు. నీళ్ళలో ఉన్నవాళ్ళందరి తలల మీదా ఒకే రంగు టోపీలు. పడవలో పడుకోబెట్టి తెస్తున్న మనిషి నేనేనని అంత దూరం నుంచి ఆయనకు ఎలా తెలిసిందో నాకు అర్థం కాదు. తెలిసిందట. బతికి ఉన్నానో లేదో మాత్రం పడవ ఒడ్డుకు చేరేదాకా తెలియలేదట.

నాకేం కాలేదు. నీళ్ళు మింగాను, భయపడ్డాను, చెయ్యెత్తాను. అక్కడున్న డాక్టరు నాడి చూసి, వేడి టీ ఇప్పించి పంపించేశాడు. ఇంటికి వచ్చే దారిలో హయత్‌నగర్ దాటి, ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు మా ఆయన అన్నారు.

"ఇంకొక్కసారి వెళ్తానంటే వెళ్ళు, కాదనను. కానీ ఆ ఒక్కసారే. మళ్ళీ పడవలో వచ్చావంటే ఇక ఈ మాట మనింట్లో ఎత్తొద్దు. నావల్ల కాదు."

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదీ వద్దన్న మనిషి కాదు. అందుకే ఆ మాట బరువుగా తగిలింది. సరేనన్నాను.

ఆ పోటీ సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో విశ్రాంతి లేకుండా. నేను పేరిచ్చింది దూరపు పోటీకి. చెరువులో రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఈతకు గడువు ఉంటుంది. ఆ లోపల నీళ్ళలోంచి బయటపడకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు. నా కాళ్ళకు ఏ లోటూ లేదు. చిక్కంతా నీళ్ళ దగ్గరే.

ఈ వయసులో అంత పట్టుదల ఎందుకని చాలామంది అడిగారు. నేను ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటరుగా పనిచేసి స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. విలేకరులు పంపిన వార్తను కత్తిరించడం, అతకడం, శీర్షిక పెట్టడం మా పని. మా పేరు ఎక్కడా కనపడదు, కనపడకూడదు కూడా. అందులో నాకు ఫిర్యాదు లేదు. ఆ పనే నన్ను మనిషిని చేసింది. కానీ బయటికి వచ్చాక ఒక కోరిక పుట్టింది. ఏదో ఒకటి మొదటి నుంచి చివరిదాకా నా ఒంటితో నేనే చేయాలి. దాన్ని ఇంకొకరు దిద్దే వీలుండకూడదు.

పరుగు మాత్రం కోరికతో మొదలైంది కాదు. అప్పటికింకా ఉద్యోగంలోనే ఉన్నాను. షుగరు అంచుల్లో ఉందని, ఇప్పుడే ఒళ్ళు వంచకపోతే జీవితాంతం మందులేనని డాక్టరు భయపెట్టాడు. యాభై దాటాయి. ఏళ్ళ తరబడి కుర్చీ, టీ, ఎడిషన్ అచ్చుకు వెళ్ళాక మిరపకాయ బజ్జీ. ఒళ్ళు ఎలా వంచాలో కూడా మరిచిపోయాను.

మా ఇల్లు ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర. పార్కులో నడిచేవాళ్ళ ముందు పరుగెత్తడానికి సిగ్గేసి, తెలతెలవారుతుండగా మెట్రో లైను కింద ఫుట్‌పాత్ పట్టుకున్నాను. మా వైపు చిరునామాలన్నీ మెట్రో పిల్లర్ నంబర్లతోనే చెబుతారు. నా పరుగుకూ అవే కొలత అయ్యాయి. ఒక పిల్లర్ నుంచి ఇంకో పిల్లర్ దాకా పరుగు, తర్వాత ఆయాసం తగ్గేదాకా నడక. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి హాస్టళ్ళలోంచి కోచింగు పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని టీ బండ్ల దగ్గర మూగేవారు. నన్ను ఒక్కరూ చూసేవారు కాదు. పరీక్షల్లో మునిగినవాళ్ళకు పరుగెత్తే ఆంటీ ఒక లెక్క కాదు. అలా పట్టించుకోకుండా వదిలేసినందుకు ఆ పిల్లలకు రుణపడి ఉన్నాను. ఒక్కరు నవ్వినా మానేసేదాన్ని.

చూసింది ఒకే ఒక్క మనిషి. మలక్‌పేటలో ఒక దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, బస్సు దిగి, మా పక్క గల్లీలోని ఇంటికి నడిచి వెళ్తుండేది. నాకంటే పదేళ్ళు చిన్న. హయత్‌నగర్ అవతలి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. కొన్నాళ్ళు నన్ను ఊరికే గమనించి, ఒకనాడు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏంది మేడం, ఉరుకుతున్నవా, నడుస్తున్నవా? నాకైతే సమజైతలేదు."

"నాకూ అవడం లేదమ్మా."

"గట్ల మడిమల మీద దబ్బదబ్బ పడకు. మోకాళ్లు పోతయ్. పోయినంక మళ్ల మా దవాఖానకే ఒస్తవ్."

ఆ వారంలోనే బూట్లు కొనుక్కుని వచ్చేసింది. తనకూ బరువు తగ్గాలట. పేషెంట్లు పిలిచినట్టే నేనూ తనను సిస్టర్ అన్నాను. ఆమెకు నేను మేడం నుంచి అక్కనయ్యాను. నా పరుగుకు గురువంటూ ఉంటే ఆమె ఒక్కతే. ఆమెకు తెలిసిందల్లా మోకాళ్ళు ఎలా పోతాయన్నది మాత్రమే. అయినా అది చాలింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో పొద్దున్నే విజయవాడ వైపు వెళ్ళే బస్సులు ఆగుతాయి. ఒకరోజు మేమిద్దరం అటువైపు గట్టిగా పరుగెత్తుతున్నాం. ఒక ఆటో డ్రైవరు కదలబోతున్న బస్సును చూశాడు, మమ్మల్ని చూశాడు. చటుక్కున ఆటోను బస్సుకు అడ్డం పెట్టి తలుపు మీద చరిచాడు. "ఆపు అన్నా, లేడీస్ ఒస్తున్నరు!"

కండక్టరు తల బయటపెట్టి, "రండమ్మా, తొందరగా రండి. సామానేదీ?" అన్నాడు.

సిస్టర్ ఆగనైనా ఆగకుండా, "బస్సుకు గాదన్నా, ఉట్టిగనే ఉరుకుతున్నం" అంది.

"ఉట్టిగనేనా?" ఆటో డ్రైవరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పొద్దుగాల పొద్దుగాల గిదేం పరేషానమ్మా!"

"ఉత్తినే పరిగెత్తడమేంటండీ బాబూ," అంటూ కండక్టరు తలుపు వేసుకున్నాడు. కిటికీల్లోంచి బస్సు బస్సంతా నవ్వింది. ఆ తర్వాత చాలా నెలలు ఆ ఆటో స్టాండు దగ్గరికి మేం రాగానే ఎవరో ఒకరు అరిచేవారు. "బస్సు పోయింది, ఇంగ మెల్లగ పోండ్రి!" అప్పటికి నవ్వితే మానేసే దశ దాటిపోయాను.

పది కిలోమీటర్లయింది, ఆ తర్వాత ఇరవై ఒకటయింది. పోటీలకు నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. పరుగు పోటీలన్నీ ఆదివారాలే పెడతారు. ఆదివారం సిస్టర్‌కు చర్చి. నాతో సమానంగా, చాలాసార్లు నాకంటే ముందు పరుగెత్తిన మనిషి ఒక్క పోటీలోనూ నిలబడలేదు. బాధగా ఉండదా అని ఒకసారి అడిగాను.

"ఎందుకుంటది అక్కా? ఉరికినప్పుడు కరిగింది నా ఒళ్లే గదా. మెడల పతకమేసుకుంటే షుగర్ తగ్గుతదా?"

మోకాలు ఒకసారి మొరాయిస్తే మార్పు కోసం సైకిలు తొక్కమన్నారు. అది నాకు చిన్నప్పుడే వచ్చు. కృష్ణా జిల్లాలో మా ఊరి కాలువ గట్టు మీద హైస్కూలుకు సైకిలు మీదే వెళ్ళేదాన్ని. గేర్ల సైకిలు కొని, సాగర్ రోడ్డు మీద పొద్దున్నే తిరిగే కుర్రాళ్ళ గుంపులో చేరాను. అందరూ ఐటీ ఉద్యోగులు. నాదర్‌గుల్ దగ్గర ఆగి నీళ్ళు తాగుతుంటే, విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు తల మీద తిరుగుతుండేవారు. లేవడం, చుట్టు తిరగడం, దిగడం, మళ్ళీ లేవడం. ఆ చిన్న విమానాన్ని చూస్తే ధైర్యం వచ్చేది. వాళ్ళూ నాలాగే నేర్చుకుంటున్నవాళ్ళు.

ట్రయథ్లాన్ మాట అక్కడే మొదటిసారి విన్నాను. "మీకు రెండు వచ్చేశాయి కదా ఆంటీ, ఈత ఒక్కటి నేర్చుకుంటే అయిపోతుంది" అన్నాడు ఒక కుర్రాడు.

ఆ ఒక్కటే నాకు లేనిది. మా ఊళ్ళో కాలువ ఇంటి ముందే పారేది. మగపిల్లలు అందులో దూకేవారు. ఆడపిల్లలం రేవు మెట్ల మీద కూర్చుని వాళ్ళ చొక్కాలకు కాపలా కాసేవాళ్ళం. నీళ్ళ పక్కనే పెరిగి, ఇంత వయసు వచ్చేదాకా మోకాళ్ళకు మించి నీళ్ళలో దిగలేదు.

మా పేటలోని ఈత కొలనులో ఉదయం ఒక గంట లేడీస్ బ్యాచ్ ఉంటుంది. ఆ గంట గేటుకు పరదా కడతారు. మగవాళ్ళెవరూ రాకూడదు. కోచ్ కూడా ఆడపిల్లే. సిస్టర్, నేను అందులో చేరాం. తనకు వాళ్ళ పల్లెలో బావిలో నేర్చుకున్న ఈత ఉంది. మా బ్యాచ్ వాళ్ళందరూ కప్పలా కాళ్ళు తన్నే కప్ప ఈతే ఈదుతారు, అదీ తల నీళ్ళ పైనే ఉంచి. ఎందుకంటే అలా అయితేనే మాట్లాడుకోవచ్చు. ఇద్దరిద్దరు పక్కపక్కన ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి. కోడళ్ళ సంగతులు, మోకాళ్ళ నొప్పులు, పనిమనిషి రాకపోవడం, పిల్లల ర్యాంకులు. జుట్టు తడవదు, బొట్టు చెదరదు. కోచ్ విజిల్ ఊది ఊది విసిగిపోయేది.

"గిది స్విమ్మింగ్ పూలా, బస్టాండా?"

"బస్టాండ్ల గింత సల్లగుంటదా బిడ్డా?" అనేది మాలో అందరికంటే పెద్దావిడ.

నాకు ఈత వచ్చింది ఆ మాటల మధ్యే. ఎప్పుడు వచ్చిందో కూడా గుర్తులేదు.

కానీ సైకిలు కుర్రాళ్ళు నా ఈత చూసి పెదవి విరిచారు. తల ఎత్తి ఈదే కప్ప ఈతతో గడువులోగా చెరువు దాటలేనన్నారు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. ఇంకో కొలనుకు మారి, ముఖం నీళ్ళలో పెట్టి, చేతులు మార్చి మార్చి వేసే ఈత కష్టపడి నేర్చుకున్నాను. కొలను అడుగున నల్లటి గీత ఉంటుంది. దాన్ని చూస్తూ ఈదితే ఏ భయమూ లేదు.

చెరువులో గీత లేదు. ఆ మొదటి పోటీలో ముఖం నీళ్ళలో పెట్టగానే ఆకుపచ్చ, దాని కింద నలుపు. అంతే. అడుగు ఎక్కడుందో తెలియదు. ఊపిరి గొంతులోనే గడ్డకట్టింది. ఆ తర్వాతిది ముందే చెప్పాను.

ఆ తర్వాత కొన్ని వారాలు కొలను వైపు వెళ్ళలేదు. పరుగుకు కూడా సాకులు చెప్పాను. ఒక ఉదయం సిస్టర్ డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, తలుపు వెనుక తగిలించి ఉన్న నా ఈత బట్టల సంచి తీసి భుజాన వేసుకుంది. "నడువ్ అక్కా. ఉట్టిగ నీళ్లల్ల కూసుందువు."

లేడీస్ బ్యాచ్ అంతా నన్ను చూసి ఏమీ జరగనట్టే పలకరించారు. అది వాళ్ళ మంచితనం. నీళ్ళలో దిగాక సిస్టర్ పక్కన ఈదుతూ అడిగింది. "ఇప్పుడు చెప్పు. ఆ దినం అసలేమైంది?"

చెప్పాను. అన్నీ చెప్పాను. నలుపు గురించి, గొంతు గురించి, చెప్పులు పట్టుకున్న మా ఆయన గురించి, కారులో ఆయనన్న మాట గురించి. చెప్పడం అయ్యేసరికి గోడ పట్టుకుని ఆగాం. గట్టు మీద కోచ్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"ఎన్ని చుట్లు కొట్టినవో ఎరుకేనా మేడం? సగం చెరువు దాటినవ్."

మునిగిపోయిన కథ చెబుతూ సగం చెరువు ఈదానన్నమాట. ఆయాసం కూడా లేదు.

సిస్టర్ నవ్వలేదు. "నువ్వు నోరు మూస్తే ఊపిరి బిగబడుతవ్ అక్కా. మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే ఒస్తది, పోతది. సూది ఇచ్చేటప్పుడు పేషెంటును మాట్లాడిస్తం, ఎందుకనుకున్నవ్? ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని? గాళ్ల పిల్లలతోని మాకేం పని?"

ఆ రోజు నుంచి లేడీస్ బ్యాచ్ నా పోటీని తన పనిగా తీసుకుంది. కప్ప ఈతతో వేగం సరిపోదు, నిజమే. అయితే గడువుకు మరీ అంత దూరంలో లేనని కోచ్ లెక్కవేసింది. నా కాళ్ళు తన్నే తీరు సరిచేసింది. మిగిలినవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఒకరు రెండు చుట్లు నా పక్కన మాట్లాడుతూ ఈది అలిసిపోతే, ఇంకొకరు దిగేవారు. ఎడతెగకుండా మాటలు. కొన్నాళ్ళకు కోచ్ ఒక సంగతి కనిపెట్టింది. పోట్లాడేటప్పుడు నా వేగం పెరుగుతుందట. ఇంకేముంది, అందరూ నాతో కయ్యానికి దిగారు.

"మీ ఆంధ్రోళ్లకు పచ్చిపులుసు చేసుడు రాదు. పొయ్యి ముఖం సూడని పులుసును రసం లెక్క కాగవెడ్తరు."

"మీరు గోంగూరను పుంటికూర అన్నంత మాత్రాన పులుపు తగ్గుతుందా?"

"తగ్గుతదో తగ్గదో సూపిస్త, ముందు ఆ గోడ ముట్టు!"

కోచ్ గట్టు మీద నుంచి చప్పట్లు కొట్టేది. "ఇంకా గట్టిగ కొట్లాడుండ్రి!"

నల్లటి నీళ్ళ భయం మాత్రం కొలనులో పోయేది కాదు. అందుకు సిస్టర్ నన్ను వాళ్ళ అన్న పొలానికి తీసుకెళ్ళింది. మెట్లున్న పెద్ద వ్యవసాయ బావి. నా నడుముకు తాడు కట్టి, ఆ కొస వాళ్ళన్న చేతికిచ్చింది. గట్టు మీద వాళ్ళ వదిన, మా ఆయన. మెట్ల మీద నుంచి నీళ్ళలోకి చూశాను. ఏమీ కనపడలేదు.

"ఎంత లోతుంటుంది?" అని అడిగాను.

"అడుగుతోని నీకేం పని అక్కా? ఈదేది మీదనే గదా," అంది సిస్టర్.

వాళ్ళ వదిన పైనుంచి పలకరించింది. "పిల్లలెంతమంది వదినా?" నీళ్ళలోంచి జవాబు చెప్పాను. ఆవిడ అడుగుతూ పోయింది, నేను గుండ్రంగా తిరుగుతూ చెబుతూ పోయాను. మా ఆయన జీవితమంతా దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లో ఏటి ప్రవాహానికి ఎదురుగా వెళ్ళే పడవల లెక్కలు చెబుతున్న మనిషి. ఈత రాదు. ఆ బావి గట్టు మీద ఆయన ముఖం చూసి నేను మాటలు ఇంకా పెంచాను. నా గొంతు వినపడినంతసేపూ ఆయన ఊపిరి పీల్చుకుంటారని తెలుసు.

రెండో పోటీ కూడా ఆదివారమే. మొదటిసారిదే చెరువు. ముందురోజు సిస్టర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి వెళ్ళింది. పొద్దున్న విజిల్ మోగగానే అందరూ నీళ్ళను చీల్చుకుంటూ వెళ్ళిపోయారు. కాసేపటికి నేను ఒక్కదాన్నే మిగిలాను. తల పైకెత్తి, కప్ప ఈతతో. దారి చూపడానికి నీళ్ళ మీద నారింజ రంగు గాలి బెలూన్లు కట్టారు. అవి ఎంతకీ దగ్గరవడం లేదు. పక్కన మాట్లాడేవాళ్ళు లేరు. గొంతు మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది.

సెల్‌ఫోన్లు లేని రోజుల్లో మండలాల నుంచి విలేకరులు ఫోనులో వార్త చెబుతుంటే, రిసీవరు భుజానికి నొక్కిపెట్టి రాసుకునేదాన్ని. కామాలతో సహా చెప్పేవారు. ఎందుకో అది గుర్తొచ్చింది. పైకే మొదలుపెట్టాను.

"హలో, డెస్కా? రాసుకోండి. చెరువు మధ్య నుంచి. ఎడమ పక్కన కొండ, కామా, కుడి పక్కన రెండు కొంగలు, ఫుల్‌స్టాప్. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కొత్త పేరా."

గొంతు వదులైంది. కాళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నాయి. మొదటి బెలూను దాటాను, రెండోది దాటాను. వెనక్కి తిరిగే మలుపు దగ్గర, చివరివాళ్ళకు కాపలాగా ఉన్న చిన్న పడవ పక్కకొచ్చింది. అందులో తెల్లమీసాల మనిషి.

"మేడం, ఎవ్వరితోని మాట్లాడుతున్నరు?"

"డెస్కుతో" అన్నాను.

అనకూడని మాట. ఆయన ముఖం మారిపోయింది. నీళ్ళలో మతి తప్పినవాళ్ళను ఆయన చూసే ఉంటాడు. తెడ్డు పక్కన పెట్టి చెయ్యి చాచాడు. "చాలింగ మేడం. పడవల కూసోండ్రి."

ఆ చెయ్యి పట్టుకుంటే అంతా అయిపోయినట్టే. నేను వద్దన్నా, బాగాలేనని ఆయనకు తోస్తే లాగేసే అధికారం ఉంది.

"నాకేం కాలేదండీ. మాట్లాడుతూ ఈదడం నా అలవాటు. కావాలంటే ఏదైనా అడగండి."

"ఇయ్యాల ఏం వారం?"

"ఆదివారం. అందుకే మా సిస్టర్ రాలేదు."

"ఎవరు మేడం సిస్టర్?"

"నర్సు. చర్చిలో ఉంది."

ఆయన అనుమానం పెరిగిందే తప్ప తగ్గలేదు. పడవ ఇంకా దగ్గరికొచ్చింది. "ఇల్లేడ మీది?"

"ఎల్బీనగర్."

"ఎల్బీనగర్ల ఏడ?"

మా పిల్లర్ నంబరు చెప్పాను. ఆయన చెయ్యి గాల్లో ఆగింది. "అరె, గాడ మా బామ్మర్ది ఉంటడు. పిల్లర్ కాడ మిర్చి బండి ఉంటది గదా?"

"మిర్చి బండి ఎప్పుడో తీసేశారు. ఇప్పుడక్కడ చెరకు రసం."

తెల్లమీసాల మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మంచిగనే ఉన్నరు మేడం. కొట్టుండ్రి." నాలుగు బారల దూరం జరిగి, అక్కడి నుంచి కేకేశాడు. "జర జల్ది కొట్టుండ్రి గని. టైమ్ దగ్గరవడ్డది!"

అంతదాకా వచ్చి గడువు తప్పడమా? నాకిక వార్తలు చెప్పే ఓపిక లేదు. కయ్యం కావాలి. ఏళ్ళ కిందట నా శీర్షికలన్నీ మార్చేసిన ఒక చీఫ్ సబ్ ఎడిటరును తలుచుకున్నాను. ఆయనతో అప్పట్లో ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అన్నీ అన్నాను. ఒక్కొక్క శీర్షిక గుర్తు చేసి మరీ కడిగేశాను. పడవలో మనిషి వింటున్నాడన్న సిగ్గు కూడా లేకపోయింది. కాలికి బురద తగిలేదాకా ఆ పోట్లాట ఆగలేదు.

ఒడ్డున ఒకామె చేతి గడియారం చూస్తూ రమ్మని చెయ్యి ఊపుతోంది. గడువు ఇంకా మిగిలే ఉందంది, కొంచెమే. నేను మా ఆయన కోసం వెతికాను. ఒడ్డున లేరు. ఎక్కడా లేరు.

సైకిళ్ళు నిలిపే చోటికి పరుగెత్తాను. వందల సైకిళ్ళు వెళ్ళిపోయాయి. నాదీ, ఇంకో రెండూ మిగిలాయి. కంచె బయట, నా సైకిలుకు ఎదురుగా మా ఆయన నిలబడి ఉన్నారు, చెరువుకు వీపు పెట్టి. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నారట. వస్తే ఇక్కడికే కదా రావాలి అనుకున్నారట.

"టైర్లలో గాలి బాగానే ఉన్నట్టుంది. బయటి నుంచే చూశాను" అన్నారు. తర్వాత, "హెల్మెట్ బిగించుకో" అన్నారు.

ఆపైన మిగిలినదంతా నేల మీద పని. ఎండ ఉంది, ఎదురుగాలి ఉంది, చివరి కిలోమీటర్లలో కాళ్ళు కర్రలయ్యాయి. అయినా ఏ చెట్టు కిందా, ఏ మలుపులోనూ నాకు దిగులు లేదు. ఆ రోడ్డును, నా మోకాళ్ళను, మడిమల మీద పడొద్దన్న మనిషిని తలుచుకుంటూ పరుగెత్తాను. ముగింపు గీత దాటేసరికి షామియానాలు విప్పుతున్నారు. విప్పేవాళ్ళే తాళ్ళు వదిలేసి చప్పట్లు కొట్టారు.

సిస్టర్‌కు ఫోను చేశాను. అవతల నుంచి ముందు కేక, తర్వాత ఏడుపు, తర్వాత నవ్వు.

"పొద్దున మా చర్చిల నీ కోసం ప్రార్థన పెట్టించిన అక్కా. 'నీళ్లల్ల ఉన్న మా అక్క కోసం' అని చీటీ ఇచ్చిన. పాస్టరయ్య మైకుల చదివిండు. అందరు కండ్లు మూసుకొని మస్తు ప్రార్థన చేసిన్రు. అయిపోయినంక ఆడోళ్లంత నా సుట్టు చేరిన్రు. ఏ కాలనీ మునిగింది, సామాను తీసిన్రా, దుప్పట్లు పంపాల్నా అని!"

"మరి ఏం చెప్పావు?"

"ఏం చెప్తా? ఒడ్డుకొచ్చినంక చెప్తా అన్న."

ఫోను పెట్టేసి, విప్పగా మిగిలిన ఒక షామియానా నీడలో కూర్చున్నాను. మా ఆయన ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం డబ్బా తెరిచి ఇచ్చారు. చెరువు వైపు మొదటిసారి తిరిగి, చాలాసేపు చూశారు.

"మీ కొలనులో మగాళ్ళ బ్యాచ్ ఎన్నింటికి?" అని అడిగారు.

"మాకంటే ముందే. పొద్దున్నే."

"నాకు ఏడింటికి క్లాసు ఉంటుంది."

"ఆలోపు అయిపోతుంది."

డబ్బా మూత కోసం అటూ ఇటూ వెతికి, అది తన చేతిలోనే ఉన్నట్టు చూసుకుని, "అయితే రేపు ఒకసారి అడిగి చూస్తాను" అన్నారు.